జన్యు పరీక్షకు విలువ మందు అందినప్పుడే

ఖమ్మం జిల్లా ఏన్కూరు మండలంలోని క్యాన్సర్ రోగి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి చేరాలంటే ముందు ఖమ్మం రావాలి. అక్కడి నుంచి మరో రెండు వందల కిలోమీటర్లు పోవాలి. ఈ మండలానికి ఒక పక్క ఖమ్మం మైదానం, ఇంకో పక్క జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగే అడవి. పత్తి, మిర్చి చేలమీద, కూలి పనుల మీద బతికే లంబాడా, కోయ కుటుంబాలు, సన్నకారు రైతులు ఇక్కడ ఎక్కువ. ఇలాంటి ఇంట్లో క్యాన్సర్ వస్తే మందుల బిల్లు కంటే ముందే దారి ఖర్చులు, పోయిన కూలి, వడ్డీకి తెచ్చిన అప్పు మీద పడతాయి. ఇప్పుడు ఆ జాబితాలో జన్యు పరీక్ష కూడా చేరుతోంది. ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలాక, ‘జీన్ టెస్ట్ చేయిస్తే సరిపడే మందు ఏదో తెలుస్తుంది’ అనే మాట ఆసుపత్రుల్లో తరచూ వినిపిస్తోంది. ఆ మాటలో శాస్త్రం ఉంది. అయితే పరీక్షకు డబ్బు కట్టాక, ఫలితం చేతికి వచ్చాక, అందులో రాసి ఉన్న మందు కొనే స్తోమత లేకపోతే ఆ కుటుంబానికి మిగిలేది ఏమిటి?

జన్యుక్రమ విశ్లేషణ గిట్టుబాటు అవుతుందా అన్న చర్చ ప్రపంచమంతా సాగుతోంది. చాలామంది దాన్ని పరీక్ష ధర చుట్టూనే తిప్పుతున్నారు. పరీక్ష ధర ఈ లెక్కలో చిన్న భాగం. ఫలితానికి తగిన మందు ఉందా, అది అందే ధరలో ఉందా, దానితో రోగికి ఎంత ఆయుష్షు కలిసివస్తుంది అన్నవే అసలు భాగాలు. కాబట్టి పరీక్షను ఒక పద్దు కింద, మందును మరో పద్దు కింద చూసే పద్ధతి పోవాలి. రెంటినీ కలిపి ఒకే ప్యాకేజీగా ప్రభుత్వం భరించాలి. అలా భరించగలిగిన కొన్ని క్యాన్సర్లతో ఇప్పుడే మొదలుపెట్టాలి. మిగతావాటిని, మందుల ధరలు దిగివచ్చేదాకా, ఆగమని నిజాయితీగా చెప్పాలి.

ధర పడింది, ఖర్చు పడలేదు

మానవ జన్యుపటాన్ని తొలిసారి పూర్తిచేసినట్టు 2003లో ప్రకటించేనాటికి ఆ ప్రాజెక్టుకు 13 ఏళ్లు పట్టింది, దాదాపు 300 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. 2022లో ఇలుమినా కంపెనీ తన కొత్త యంత్రంతో ఒక మనిషి జన్యుక్రమాన్ని 200 డాలర్లకే చదవవచ్చని చెప్పింది. ఇరవై ఏళ్లలో ఇంతగా ధర పడిన వైద్య సాంకేతికత మరొకటి కనిపించదు.

అయితే ఆ 200 డాలర్లు యంత్రంలో పడే రసాయనాల ఖర్చు మాత్రమే. కణితి ముక్క నుంచి డీఎన్‌ఏ తీయాలి. ఆ ముక్కలో క్యాన్సర్ కణాలు సరిపడా ఉన్నాయో లేదో పాథాలజిస్టు చూడాలి. కనిపించిన వందలాది మార్పుల్లో వ్యాధికి కారణమైనది ఏదో, ఊరికే ఉన్నది ఏదో నిపుణులు విడదీయాలి. దాన్ని చికిత్సగా మార్చే వైద్యుడు ఉండాలి. యంత్రంలో నమూనాలు నిండుగా పెట్టి నడిపితేనే ఒక్కోదాని ఖర్చు తగ్గుతుంది. రెండు మూడు నమూనాలతో నడిపితే అదే పరీక్ష ఎన్నో రెట్లు పిరమవుతుంది. అందుకే మన ప్రయోగశాలల్లో ఒక జన్యువును మాత్రమే చూసే పరీక్ష కొన్ని వేల రూపాయల్లో అయిపోతుంటే, వందల జన్యువులను ఒకేసారి చూసే పెద్ద ప్యానెల్ ధర లక్ష దాటిన సందర్భాలూ ఉన్నాయి.

హైదరాబాద్ నేర్పిన పాఠం

వ్యక్తికి తగ్గ క్యాన్సర్ చికిత్సకు తొలి పెద్ద విజయం దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్‌లో వచ్చింది. ఈ జబ్బులో రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై, బీసీఆర్-ఏబీఎల్ అనే అసహజ జన్యువు పుడుతుంది. దాన్ని గురిచూసి కొట్టే ఇమాటినిబ్ అనే మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి లభించింది. అంతకుముందు కొన్నేళ్లలో ప్రాణం తీసే జబ్బు, రోజూ మాత్ర వేసుకుంటూ మామూలుగా బతకగలిగే జబ్బుగా మారింది. పరీక్ష చేసి జన్యువు ఉందని తేల్చడం, ఉన్నవారికి ఆ మందు ఇవ్వడం: వ్యక్తిగత చికిత్స అంటే మొత్తం ఇదే.

అయితే నోవార్టిస్ కంపెనీ అమ్మిన గ్లివెక్‌కు మన దేశంలో నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు అయ్యేది. ఆ ధర దగ్గర, పరీక్ష ఉచితంగా చేసినా తెలంగాణ పల్లెలో రోగికి ఒరిగేది శూన్యం. హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా 2003లో ‘వీనాట్’ పేరుతో ఇదే మందును తెచ్చింది. దేశీయ కంపెనీల జెనెరిక్ మాత్రలు నెలకు ఎనిమిది, పది వేల స్థాయిలో దొరకసాగాయి. పేటెంటు కోసం నోవార్టిస్ చేసిన న్యాయపోరాటాన్ని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది. అంతకు ఏడాది ముందు, 2012 మార్చిలో, బేయర్ కంపెనీ నెలకు రూ. 2.8 లక్షలకు అమ్ముతున్న సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందును రూ. 8,880కే తయారుచేసి అమ్మడానికి దేశంలో తొలి నిర్బంధ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ఇచ్చే అనుమతి) పొందింది కూడా నాట్కోయే.

ఈ చరిత్రలో మనకు కావలసిన పాఠం ఉంది. బీసీఆర్-ఏబీఎల్ పరీక్షలో ఒక్క అక్షరం మారలేదు, జబ్బు మారలేదు, మందులోని రసాయనం మారలేదు. మందు ధర మారింది. దాంతో, అందనిదిగా ఉన్న చికిత్స వేల కుటుంబాలకు అందింది, పరీక్ష చేయడానికి అర్థం వచ్చింది. ఇలాంటిదే ఇటీవల ఒలాపరిబ్ అనే మందు విషయంలో జరిగింది. బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం ఉన్న అండాశయ, రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇది పనిచేస్తుంది. 2024 మార్చిలో పేటెంటు గడువు తీరాక దేశీయ కంపెనీలకు దారి తెరుచుకుంది. నిన్నటిదాకా బీఆర్‌సీఏ పరీక్ష గిట్టదు అన్న లెక్కను ఇప్పుడు మళ్లీ వేసుకోవాల్సిందే.

ఊపిరితిత్తుల క్యాన్సర్ చెప్పే లెక్క

ఈ వాదనకు గట్టి ఆధారం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దొరుకుతుంది. ఎడినోకార్సినోమా రకంలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉన్నవారు పాశ్చాత్య దేశాల్లో నూటికి 10 నుంచి 15 మంది. మన దేశంలో నూటికి దాదాపు పాతిక మంది. పొగతాగనివారిలో ఇంకా ఎక్కువ. వీరికి గెఫిటినిబ్ అనే మాత్ర ఉంది. హైదరాబాద్ కంపెనీలు సహా అనేక సంస్థలు దాన్ని తయారుచేస్తున్నాయి.

తూర్పు ఆసియాలో జరిగిన ఐపాస్ అధ్యయనం 2009లో వెలువడింది. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో గెఫిటినిబ్‌తో కణితి తగ్గినవారు 71 శాతం, కీమోతో 47 శాతం. మార్పు లేనివారిలో లెక్క పూర్తిగా తిరగబడింది: గెఫిటినిబ్‌తో 1 శాతం, కీమోతో 23 శాతానికి పైగా. అంటే పరీక్ష చేయకుండా అందరికీ మాత్ర ఇస్తే, మన దేశంలో వందలో మార్పు లేని డెబ్బై అయిదు మందికి పనిచేసే కీమోను దూరం చేసినట్టే. అందరికీ కీమో ఇస్తే, మార్పు ఉన్న పాతిక మందికి మెరుగైన చికిత్సను దూరం చేసినట్టే. ఇక్కడ పరీక్ష లేకుండా మంచి వైద్యమే లేదు.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. ఒక్కో పరీక్ష ఎనిమిది వేలు అనుకుందాం. వంద మందికి ఎనిమిది లక్షలు. పాతిక మందిలో మార్పు బయటపడితే, ఒక్కొక్కరిని గుర్తించడానికి అయిన ఖర్చు ముప్పై రెండు వేలు. జెనెరిక్ మాత్రలకు నెలకు మూడు వేల చొప్పున ఏడాదికి ముప్పై ఆరు వేలు వేసుకున్నా, పరీక్షా మందూ కలిపి ఒక్కో లబ్ధిదారుకు డెబ్బై వేలలోపే. ఇప్పుడు రెండో చివర చూద్దాం. వందలో ఒకరికి మాత్రమే ఉండే అరుదైన మార్పు కోసం, తలకు నలభై వేల ప్యానెల్ చేస్తే, ఆ ఒక్కరిని గుర్తించడానికే నలభై లక్షలు. ఆపైన మందు నెలకు లక్ష అయితే, రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ కింద దొరికే పది లక్షల పరిమితి ఏడాది తిరగకముందే అయిపోతుంది. ఒకే ప్యానెల్ అనేక మార్పులను వెతుకుతుంది కాబట్టి అసలు ఖర్చు ఈ రెండు చివరల మధ్య ఎక్కడో ఉంటుంది. కానీ సూత్రం ఒక్కటే. మార్పు ఎంత తరచుగా కనబడుతుంది, దానికి మందు ఎంత చవక, ఆ మందు ఎంత బాగా పనిచేస్తుంది: ఈ మూడూ కలిస్తేనే పరీక్ష గిట్టుతుంది.

అందరికీ అన్నీ అక్కర్లేదు

జన్యు పరీక్షను సర్వరోగ నివారిణిగా అమ్మే ప్రచారాన్ని ఇక్కడే నిలదీయాలి. ఫ్రాన్స్‌లో జరిగిన షివా అధ్యయనం 2015లో వెలువడింది. ఇతర చికిత్సలు పనిచేయని రోగుల్లో, కణితి జన్యువులను బట్టి ఎంచిన మందులకూ, వైద్యుడు తన అనుభవంతో ఎంచిన చికిత్సకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం ఒక వైపు 2.3 నెలలు, ఇంకోవైపు 2 నెలలు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ దాదాపు ఆరు వేల మందికి జన్యుక్రమం చదివిన ‘మ్యాచ్’ ప్రయత్నంలో, నూటికి 38 మందిలో ఏదో ఒక మందుకు తగిన మార్పు కనబడినా, చివరకు ఆ మందుల చికిత్సకు ఎంపికైనవారు నూటికి 18 మందే. అది అమెరికాలోని పరిస్థితి. మందుల గొలుసులో ఇంకెన్నో లంకెలు తెగిన చోట ఆ 18 ఎంతకు పడిపోతుందో ఊహించవచ్చు.

అందుకే ఐరోపా క్యాన్సర్ వైద్యుల సంఘం ఎస్మో 2020లో ఒక జాబితా ఇచ్చింది. ముదిరిన ఊపిరితిత్తుల, అండాశయ, ప్రొస్టేట్, పిత్తనాళ క్యాన్సర్లలో జన్యుక్రమ పరీక్షను మామూలు వైద్యంలో భాగంగా చేయవచ్చని, మరికొన్ని క్యాన్సర్లలో చిన్న పరీక్షలతో పని జరిగిపోతుందని చెప్పింది. 2024లో ఆ జాబితాను పెంచింది. సంపన్న దేశాలు కూడా క్యాన్సర్‌ను బట్టి గీతలు గీసుకుంటున్నప్పుడు మనం గీయకపోతే, ఆ గీతను ప్రైవేటు ఆసుపత్రి కౌంటర్ గీస్తుంది. అక్కడ డబ్బున్నవారు ఒక వైపు, లేనివారు ఇంకో వైపు అవుతారు.

రైతుకు భూసార పరీక్ష కార్డు ఇచ్చి, అందులో రాసిన ఎరువును సొసైటీలో అందుబాటులో ఉంచకపోతే ఆ కార్డు ఇంట్లో కాగితంగానే ఉండిపోతుంది. మందు జతకాని జన్యు నివేదికా అలాంటిదే. పైగా దానికి కట్టిన డబ్బు తిరిగిరాదు; కొన్నిసార్లు దానికోసం వేచిచూసిన మూడు వారాలూ తిరిగిరావు.

ధరను తేల్చే కొలబద్ద

ప్రభుత్వం ఏ చికిత్సకు డబ్బు పెట్టాలో నిర్ణయించడానికి మన దేశంలో ఒక వ్యవస్థ ఉంది. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద 2017లో ఏర్పడిన ఆరోగ్య సాంకేతికతల మదింపు యంత్రాంగం అది. ఒక చికిత్స వల్ల రోగికి నాణ్యమైన జీవితంతో కూడిన ఒక అదనపు సంవత్సరం దక్కాలంటే ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి, దాన్ని దేశ తలసరి ఆదాయంతో పోల్చి చూడడం అక్కడి పద్ధతి. ఆ హద్దులోపు ఉంటే గిట్టుబాటు, దాటితే ధర తగ్గించమని అడగాలి.

ఈ కొలబద్దతో మన దేశంలోనే జరిగిన ఒక అధ్యయనం ఉపయోగకరమైన దారి చూపింది. హెచ్ఈఆర్2 అనే జన్యువు ఎక్కువగా పనిచేసే రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ ఇస్తారు. పాశ్చాత్య పద్ధతిలో దాన్ని ఏడాది పాటు ఇవ్వాలి. 2020లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, అప్పటి ధరల్లో ఏడాది చికిత్స మన హద్దు దాటింది. తొమ్మిది వారాల చికిత్స మాత్రం హద్దులోపే ఉంది. ఏడాది చికిత్స గిట్టాలంటే ధర ఎంత తగ్గాలో కూడా అది లెక్కవేసింది. ‘ఈ మందు ఇవ్వొద్దు’ అని చెప్పే బదులు ‘ఎన్ని వారాలు, ఏ ధరకు’ అని అడిగేలా చేయడమే ఈ మదింపు గొప్పతనం. జన్యు పరీక్షలన్నింటికీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఇదే ప్రశ్న వేయాలి.

ధర తగ్గించడం మన చేతుల్లో లేదనడం తప్పు. 2019లో 42 క్యాన్సర్ మందుల మీద వ్యాపార మార్జిన్‌ను 30 శాతానికి కేంద్రం కట్టడి చేసింది. టాటా మెమోరియల్ క్యాన్సర్ కేంద్రం నాయకత్వంలో 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్, సభ్య ఆసుపత్రుల తరఫున 40 మందులను ఉమ్మడిగా బేరమాడి కొన్నది. అంతకుముందు ఆసుపత్రులు ఇస్తున్న ధరతో పోలిస్తే మధ్యస్థంగా 82 శాతం ఆదా అయింది. ఒక్కొక్కరు విడిగా అడిగితే రాని ధర కలిసి అడిగితే వచ్చింది. మందులకు కుదిరింది జన్యు పరీక్షలకు కుదరకపోవడానికి కారణం లేదు. పరీక్షల సంఖ్య ముందుగా హామీ ఇస్తే ప్రయోగశాలకు యంత్రం నిండుతుంది, ధర దానంతట అదే దిగుతుంది.

దూరం పెరిగేకొద్దీ పెరిగే విలువ

ఇక ఏన్కూరు వైపు నుంచి ఈ లెక్కను చూడాలి. ఆర్థికవేత్తల పట్టికల్లో సాధారణంగా ఆసుపత్రి ఖర్చే ఉంటుంది. మూడు వారాలకోసారి కీమోకు నగరం వెళ్లే రోగితో ఇంకొకరు తోడు రావాలి. ఇద్దరి కూలి పోతుంది. బస్సు చార్జీలు, తిండి, ఒక రాత్రి పడక. మిర్చి కోతల కాలంలో అయితే ఆ రెండు రోజుల విలువ ఇంకా ఎక్కువ. దీనికి భిన్నంగా గెఫిటినిబ్ ఇంట్లో వేసుకునే మాత్ర. ఒకసారి పరీక్షలో సరైన ఫలితం వస్తే నెలల తరబడి ప్రయాణాలు తగ్గుతాయి. హైదరాబాద్‌లో ఉండే రోగికి ఈ లాభం కొద్దిగానే ఉంటుంది. అడవి అంచున ఉండే రోగికి చాలా ఎక్కువ. కాబట్టి నగర ఆసుపత్రుల ఖర్చులతో వేసిన లెక్కల్లో గిట్టుబాటు అంచుమీద ఉన్న పరీక్ష, మారుమూల పల్లె లెక్కలో స్పష్టంగా గిట్టవచ్చు. వెనుకబడిన ప్రాంతాలకు ఈ పరీక్ష విలాసం అనే వాదన ఈ కారణంగానే తప్పు.

అయితే ఆ లాభం దక్కాలంటే రోగి సకాలంలో నిర్ధారణకు రావాలి. విడవని దగ్గు, ఆయాసం మొదలైతే మొదట ఆర్‌ఎంపీ దగ్గరకు పోవడం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే టీబీ అనుకుని నెలలపాటు ఆ మందులే వాడడం మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు తరచూ జరిగేదే. ఆ ఆలస్యం తర్వాత ఎంత ఖరీదైన జన్యు పరీక్ష చేసినా ఫలితం కుంటుపడుతుంది. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ పాథాలజీ విభాగాలు ఉంటాయి. ముక్క పరీక్ష అక్కడే జరగాలి. రొమ్ము క్యాన్సర్‌లోని హెచ్ఈఆర్2, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోని ఏఎల్‌కే లాంటి జన్యువులకు కణజాలం మీద రంగువేసి చూసే చవక పరీక్షలను క్రమంగా అక్కడే చేయాలి. జన్యుక్రమం అవసరమైనవారి కణజాలాన్ని మైనపు దిమ్మెగా భద్రపరిచి పంపితే అది మామూలు ఉష్ణోగ్రతలోనే చెడకుండా ప్రయాణిస్తుంది. హైదరాబాద్‌కు మనిషి వెళ్లక్కర్లేదు, దిమ్మె వెళ్తే చాలు. 2025-26 కేంద్ర బడ్జెట్ మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని ప్రకటించింది. ఆ కేంద్రాలకు సెలైన్ స్టాండ్లతో పాటు ఈ నమూనాల రవాణా బాధ్యత, మాత్రలు వాడుతున్నవారిని గమనించే బాధ్యత కూడా అప్పగించాలి. గెఫిటినిబ్‌కూ విరేచనాలు, చర్మం మీద పొక్కులు, అరుదుగా ప్రమాదకరమైన ఊపిరితిత్తుల వాపు లాంటి దుష్ప్రభావాలు ఉన్నాయి. వాటిని గుర్తించడం ఆశా కార్యకర్తకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి నేర్పాలి.

ఖమ్మం మరచిపోని అనుభవం

ఈ జిల్లాలో వైద్య పరిశోధన గురించి మాట్లాడేవారు 2009ని గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది జూలైలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రభుత్వంతో, భారత వైద్య పరిశోధన మండలితో కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రదర్శన ప్రాజెక్టును ఖమ్మం జిల్లాలో మొదలుపెట్టింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు టీకా వేశారు. వారిలో గిరిజన ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఎందరో ఉన్నారు. కొందరు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఆ మరణాలు టీకా వల్లే జరిగాయనడానికి ఆధారం దొరకలేదు. కానీ తల్లిదండ్రులను సరిగ్గా అడగకుండా వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు అంగీకార పత్రాల మీద సంతకాలు చేసిన తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ప్రాణాలు కాపాడే మంచి టీకా మీద నమ్మకానికే, అడగకుండా వేసిన కారణంగా, ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి నష్టం జరిగింది.

జన్యు పరీక్షలో అంగీకారం ఇంకా లోతైన విషయం. కణితిలోని మార్పు రోగికి సంబంధించినది. పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ లాంటి లోపం అయితే అక్కాచెల్లెళ్లకు, పిల్లలకు కూడా సంబంధించినది. ఆ విషయం కోయ భాషలో, లంబాడీలో, అర్థమయ్యే తెలుగులో చెప్పి అడగాలి. వద్దన్నవారికి చికిత్సలో లోటు రాకూడదు. వారి డీఎన్‌ఏ సమాచారం ఎక్కడ ఉంటుందో, ఎవరు వాడతారో రాతపూర్వకంగా చెప్పాలి.

ఇలా నమ్మకం కూడగట్టుకుంటే దాని ఫలం చికిత్స ఖర్చులోనూ కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు భాగస్వాములుగా 2017లో వెలువడిన పరిశోధన, తరతరాలుగా కులం, తెగ లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల దక్షిణాసియాలోని అనేక సమూహాల్లో కొన్ని ప్రత్యేక జన్యుమార్పులు పేరుకున్నాయని చూపింది. ప్రపంచ డేటాబేసులు ఎక్కువగా ఐరోపా మూలాలవారి డీఎన్‌ఏతో నిండి ఉన్నాయి. అందుకే మనవారి నివేదికల్లో ‘అర్థం తేలని మార్పు’ అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి నివేదిక కుటుంబాన్ని భయపెట్టడం తప్ప చికిత్సకు సాయపడదు. 83 సమూహాల నుంచి పది వేల మంది జన్యుక్రమాల సమాచారాన్ని జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. 480 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల జన్యు సమాచారంతో ఐఐటీ మద్రాస్ అదే ఏడాది ఫిబ్రవరిలో డేటాబేసును ప్రారంభించింది. ఈ పని మన తెగలకు, మన కులాలకు విస్తరిస్తే అర్థం తేలని నివేదికలు తగ్గుతాయి. ఒక ఇంట్లో ఒకరికి హాని చేసే మార్పు ఏదో తేలిపోతే, మిగతావారికి ఆ ఒక్క చోటే చూసే చవక పరీక్ష సరిపోతుంది. జబ్బు రాకముందే పట్టుకునే అవకాశం దొరుకుతుంది.

ముందు ఏది?

ఒక అభ్యంతరానికి సూటిగా జవాబు చెప్పాలి. ఏన్కూరులాంటి చోట గర్భాశయ ముఖద్వార, నోటి, రొమ్ము క్యాన్సర్లకు సాధారణ పరీక్షలే సరిగా అందనప్పుడు జన్యుక్రమం మాట ఎందుకు అని చాలామంది వైద్యులు అడుగుతారు. వారి ప్రశ్న న్యాయమైనది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేలకు పైగా మహిళలతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని అది చూపింది. ఖర్చుకు తగ్గ ఫలితం అనే కొలబద్దలో దీన్ని మించేవి కొన్నే ఉంటాయి. దీన్ని పక్కనపెట్టి పెద్ద ప్యానెళ్లకు నిధులు మళ్లిస్తే అది పేదలకు అన్యాయం. కానీ రెండింటినీ ఒకదానికొకటి పోటీగా నిలబెట్టాల్సిన పని లేదు. వైరస్ డీఎన్‌ఏను పట్టే హెచ్‌పీవీ పరీక్ష కూడా అణుస్థాయి పరీక్షే. నమూనా సేకరణ, రవాణా, ప్రయోగశాల, ఫలితాన్ని ఇంటికి చేర్చడం: దానికి వేసే దారిలోనే ఈజీఎఫ్ఆర్ నమూనా కూడా నడుస్తుంది.

కాబట్టి ప్రభుత్వం చేయాల్సింది ఇది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ పది లక్షలకు పెంచింది. ఆ పరిమితిలో, ఫలితం చికిత్సను మార్చే, మందు చవకగా దొరికే కొన్ని జన్యు పరీక్షలను, వాటికి జతపడే మందులతో కలిపి, ఒకే ప్యాకేజీగా చేర్చాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రొమ్ములో హెచ్ఈఆర్2, అండాశయ క్యాన్సర్‌లో బీఆర్‌సీఏ, రక్తక్యాన్సర్‌లో బీసీఆర్-ఏబీఎల్: ఈ జాబితాతో మొదలుపెట్టవచ్చు. ఎంఎన్‌జే కేంద్రంగా ఒక ప్రభుత్వ ప్రయోగశాలకు జిల్లాల నమూనాలన్నీ చేరాలి. నమూనా అందిన రోజు నుంచి ఫలితం వైద్యుడికి చేరేదాకా గడువు నిర్ణయించి, ఆ గడువు పాటించిన తీరును ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఏ మార్పుకు ఎందరికి మందు అందిందో, వారికి ఎంతకాలం పనిచేసిందో లెక్కలు ప్రచురించాలి. ఏటా ఆ లెక్కలు చూసి, గిట్టినవాటిని పెంచాలి, గిట్టనివాటిని తీసేయాలి. పెద్ద ప్యానెళ్లను, అన్ని దారులూ మూసుకుపోయిన రోగులకు, పరిశోధన నియమాల కింద, వారి జేబు నుంచి డబ్బు తీసుకోకుండా మాత్రమే చేయాలి.

ప్రైవేటు వైద్యులకూ ఒక విన్నపం. పరీక్ష రాసేముందు రోగి కుటుంబానికి మూడు విషయాలు చెప్పండి: ఫలితం అనుకూలంగా వచ్చే అవకాశం ఎంత, వస్తే ఏ మందు ఇస్తారు, ఆ మందుకు నెలకు ఎంత అవుతుంది. ఈ మూడింటికీ జవాబు లేని పరీక్ష కోసం ఎకరం పొలం తాకట్టు పెట్టనివ్వకండి.

ఇమాటినిబ్ ధరను తగ్గించి చూపింది హైదరాబాద్ పరిశ్రమ. మన జన్యువులను చదివి చూపింది హైదరాబాద్ శాస్త్రవేత్తలు. క్యాన్సర్ వైద్యానికి ఏడు దశాబ్దాల అనుభవం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి కూడా అదే నగరంలో ఉంది. ఈ మూడింటినీ ఒక్కతాటి మీదికి తెచ్చి, వాటి ఫలాన్ని ఏన్కూరు దాకా చేర్చే విధాన నిర్ణయం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ నిర్ణయం వచ్చే బడ్జెట్‌లోనే తీసుకోవాలి.